సాచ్ కనుమ దగ్గర వదిలేసిన గీతలు

హిమాచల్ ప్రదేశ్‌లో జిల్లాలు పన్నెండు. ఆ పన్నెండింటిలోనూ నేను ఎక్కని కొండ లేదు, దాటని ఏరు లేదు. సట్లెజ్ ఒడ్డు పట్టుకుని సిమ్లా నుంచి కిన్నౌర్ దాకా పోయాను. బియాస్ వెంబడి కులూలో పైకెక్కి, రోహ్తాంగ్ దాటి లాహౌల్‌లో దిగాను. చంద్ర, భాగ అనే రెండు ఏర్లు తాండీ దగ్గర కలిసి చినాబ్‌గా మారే చోట చాలాసేపు ఆగాను. అన్నిటికన్నా పెద్దదైన లాహౌల్-స్పితికి పదకొండు రోజులు పట్టింది. అన్నిటికన్నా చిన్నదైన హమీర్‌పూర్‌ని ఒక్క పూటలో ముగించాను.

ఇందులో ఒక్క అబద్ధమూ లేదు. కాళ్లతో చేశానని నేను ఎక్కడా రాయలేదు చూడండి. ఇదంతా విజయవాడలో, ఒక అచ్చాఫీసు మేడ మీద, కిటికీ పక్క బల్ల ముందు కూర్చుని పాళీతో చేశాను.

కిటికీ పక్క బల్ల కూడా నాది కాదు. అది మా హెడ్డుగారిది. నా బల్ల మెట్ల పక్కన, ఫ్యాను గాలి సగమే వచ్చే చోట ఉండేది. ఇక్కణ్ణుంచి నిజమే రాస్తాను. చెయ్యి ఊరుకోక ఎక్కడైనా పెంచితే వెంటనే ఒప్పుకుంటాను.

మాది బడి గోడలకు వేలాడదీసే పటాలు తయారుచేసే చోటు. ఒక ఏడాది ఉత్తరాది బళ్ల కోసం హిమాచల్ జిల్లాల పటాలు పన్నెండూ కావాలని ఆర్డరు వచ్చింది. నేను ట్రేసర్ని. అసలు పటం మీద ట్రేసింగు గుడ్డ పరిచి, నాలుగు మూలలా పిన్నులు గుచ్చి, సన్న పాళీని నల్లసిరాలో ముంచి, కింద కనిపించే గీత వెంటే గీసుకుంటూ పోవడం నా పని. ఒకాయన నదులు గీసేవాడు, ఒకాయన రోడ్లు, ఒకాయన ఊళ్ల పేర్లు రాసేవాడు. నాకు కొండలు పడ్డాయి. పటం మీద కొండలంటే కాంటూరు గీతలు. ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నిటినీ కలుపుతూ పోయే గీత అది. గీతకూ గీతకూ మధ్య ఎడం ఉంటే అక్కడ నేల నెమ్మదిగా వాలుతున్నట్టు. గీతలు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయంటే అక్కడ కొండ గోడలా నిలబడి ఉన్నట్టు. బళ్లో మాస్టార్లు పిల్లలకు చెప్పేది ఇంతవరకే.

వాళ్లు చెప్పనిది ఒకటుంది. గీతలు మరీ దగ్గరైతే పాళీ పట్టదు. సిరా పక్క గీతలోకి పాకి, అచ్చులో నల్లమచ్చ పడుతుంది. అందుకని మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. మరీ ఇరుకైన చోట గీత విడిచి గీత గీయవచ్చు.

"ఒకటి వదులు, పర్వాలేదు. రెండు వదిలావంటే కొండ కుంగిపోతుందిరా" అనేవారు మా హెడ్డుగారు. ఆయన కళ్లజోడు ఎప్పుడూ నుదుటి మీదే ఉండేది. తప్పులు పట్టడానికి మాత్రమే కిందికి దించేవారు.

ఆ వానాకాలమంతా నేను హిమాచల్‌లో ఉన్నాను. భోజనానికి మాత్రం ఇంటికి వచ్చేవాణ్ణి.

ఇప్పుడు సిడ్నీలో, స్కోఫీల్డ్స్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాం, నేనూ మా ఆవిడా. ఇక్కడ అన్నీ కొత్త ఇళ్లే. చెట్లు ఇంకా మా భుజాల దాకా కూడా పెరగలేదు. వాననీళ్లు నిలవడానికి తవ్విన చెరువు ఒకటుంది. దాని చుట్టూ సాయంత్రాలు మాలాంటి పెద్దవాళ్లు నలుగురైదుగురు నడుస్తారు. నడుస్తారని అంటాం గానీ, ఒక చుట్టు నడిచి మూడు చుట్ల సేపు బెంచీ మీద కూర్చుంటాం. ఆ బెంచీ మీద ప్రతివాళ్లకీ ఒక గొప్ప ఉంది. రిటైరైన బ్యాంకు మేనేజరుగారు ఒక కేంద్రమంత్రితో చెయ్యి కలిపారు. ఒక డాక్టరుగారు పాము కరిచినవాణ్ణి సైకిలు మీద తీసుకెళ్లి బతికించారు. నాకు చెప్పుకోవడానికి మెట్ల పక్క బల్ల తప్ప ఏమీ లేదు.

ఒకరోజు మేనేజరుగారు సిమ్లాలో నాలుగు రోజులు ఉన్నామని చెప్పడం మొదలుపెట్టారు. నా నోరు నన్ను అడగలేదు. "నేను పదకొండేళ్లు ఉన్నానండీ హిమాచల్‌లో. పన్నెండు జిల్లాలూ నడిచాను" అంది.

"ఏం ఉద్యోగమండీ?"

"సర్వే."

సర్వే చేసినవాళ్లు గీసిన పటాన్ని నేను తిరగ్గీశాను. అంతవరకు నిజం. అది మొదలు. తరవాత నెలనెలా కొంచెం కొంచెం పెరిగింది. మంచులో మూడు రోజులు చిక్కుకున్నాను. గొర్రెల కాపరి ఇచ్చిన ఉన్ని కంబళిలో పడుకున్నాను. ఒక ఎలుగుబంటి నన్ను చూసి దారి ఇచ్చింది. చుట్టుపక్కల పిల్లలకూ పెద్దలకూ నేను హిమాచల్ అంకుల్ అయిపోయాను.

మా ఆవిడకి అన్నీ తెలుసు. బయట ఒక్క మాటా అనేది కాదు. ఇంటికొచ్చాక చెప్పులు విప్పుతూ అనేది: "ఏ హిమాచలమండీ. మంగళగిరి కొండ ఎక్కడానికి రెండుసార్లు కూర్చున్నారు మీరు."

ఆవిడ కూడా కొంచెం తగ్గించి చెబుతుంది. మూడుసార్లు కూర్చున్నాను. మా అమ్మాయి బ్లూ మౌంటెన్స్ తీసుకెళ్లినప్పుడు, అందరూ కటకటాల దగ్గర నిలబడి లోయ చూస్తుంటే, నేను కార్ పార్కులో కాకటూ చిలకలను చూస్తూ ఉండిపోయాను.

మా పక్కింట్లో ఒక జంట. అబ్బాయిది కరీంనగర్ వైపు. ఇక్కడ అకౌంటింగ్ చదవడానికి వచ్చి, ఇప్పుడు ఎలక్ట్రీషియన్ పని చేస్తున్నాడు. మా వంటింట్లో లైట్లన్నీ అతను పెట్టినవే. భార్య ఢిల్లీలో పెరిగిన పిల్ల, యూనివర్సిటీలో పరిచయం. చైల్డ్‌కేర్‌లో పనిచేస్తుంది. నాలుగేళ్ల పాప. ఆ అమ్మాయికి భర్త దగ్గర నేర్చుకున్న తెలుగు వచ్చు. అందుకని హిందీ నోట్లో తెలంగాణ యాస పలుకుతుంది. వినడానికి భలే ఉంటుంది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం వాళ్ల పెరట్లో బార్బీకి, అంటే నిప్పుల మీద కాల్చుకుని తినే విందుకి, పిలిచారు. అబ్బాయి పట్టకారుతో పనీరు ముక్కలు తిప్పుతూ అడిగాడు.

"అంకుల్, మీరు చంబా సైడ్ గూడ చేసిన్రా?"

"చంబాయా? రావి నదిలో మొహం కడుక్కోని రోజు లేదయ్యా."

మా ఆవిడ ప్లేటులోంచి తలెత్తి నా వంక చూసి, మళ్లీ దించేసుకుంది.

ఆ అమ్మాయి కుర్చీ లాక్కుని నా పక్కకి వచ్చింది. "పాంగీ తెలుసా అంకుల్? పాంగీల కిలాడ్ ఊరు? నేను అక్కడే పుట్టిన. ఐదేళ్లున్నప్పుడు పప్పా ఢిల్లీ తీసుకొచ్చిండు. మళ్లీ ఎప్పుడూ పోలే."

అప్పుడు చెప్పింది. తల్లి చిన్నప్పుడే పోయింది. నాయనమ్మ పెంచింది. దాదీ అంటుంది ఆవిణ్ణి. తొంభైకి దగ్గరపడ్డ ఆవిడ ఇప్పుడు మెట్లు దిగడం మానేసింది. అక్కడ ఒక పెదనాన్న కొడుకు ఉన్నాడు. సిగ్నలు దొరికినప్పుడు ఫోను చేస్తాడు. ప్రతిసారీ వెనకనుంచి దాదీ అడుగుతుందట, పిల్ల బయల్దేరిందా అని. ఏప్రిల్‌లో ఈస్టరు సెలవులు కలుపుకుని ఇద్దరికీ కలిపి రెండు వారాలు దొరికాయి. మళ్లీ ఎప్పుడు దొరుకుతాయో తెలియదు.

"ఈసారి పోకపోతే..." అని ఆగింది. ఆ వాక్యం పూర్తిచేయక్కర్లేదు ఎవరూ.

"రూట్ ఏంది అంకుల్?" అన్నాడు అబ్బాయి. "చంబాకెళ్లి సాచ్ పాస్ మీదికెళ్లి రోడ్ చూపిస్తుంది. కానీ ఫోన్‌ల క్లోజ్డ్ అని వస్తుంది. మీరు సాచ్ దాటిన్రు గదా?"

నేను ఎప్పుడో బెంచీ మీద దాటి ఉంటాను. ఎలుగుబంటి అక్కడే దారి ఇచ్చినట్టు గుర్తు.

"ఫోనుకేం తెలుసమ్మా" అన్నాను ఆ అమ్మాయితో. "పాంగీ ఏ జిల్లాలో ఉంది? చంబా జిల్లాలో. జిల్లా కేంద్రం ఏది? చంబా. జిల్లా కేంద్రం నుంచి అదే జిల్లాలో ఊరికి దారి లేకపోవడం ఎక్కడైనా ఉందా? పొద్దున్నే టిఫిను చేసి బయల్దేరండి. మధ్యాహ్నం భోజనానికి మీ దాదీ ముందు కూర్చుంటారు."

నేను కృష్ణాజిల్లా వాణ్ణి. మా చిన్నప్పుడు బందరులో బస్సెక్కితే జిల్లాలో ఏ మూల ఊరికైనా విస్తళ్లు వేసే వేళకి చేరేవాళ్లం. జిల్లా అంటే నాకు తెలిసిన అర్థం అదొక్కటే. పటం మీద చంబా నుంచి కిలాడ్ దాకా తడిదారం పెట్టి కొలిస్తే జానెడు కూడా రాదు. జానెడులో ఏముంటుంది అనుకున్నాను.

ఆ అమ్మాయి నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. "మీరుంటే మాకు టెన్షన్ లేదు అంకుల్." శనివారం కూర్చుని ఇండియా లోపలి ప్రయాణమంతా బుక్ చేస్తామన్నారు. ఈలోగా దారి పటం గీసిస్తానని నేను మాటిచ్చాను. ఎవరూ అడగలేదు.

గురువారం మధ్యాహ్నం భోజనం చేసి పనికి కూర్చున్నాను. ట్రేసింగు కాయితం ఎక్కడ దొరుకుతుందో తెలియలేదు. మా అమ్మాయి కేకులకు వాడే బేకింగ్ పేపరు చుట్ట కనిపించింది. వెలుగుకు పెడితే బాగానే కనిపిస్తోంది. అదే పరిచాను. చంబా జిల్లా మొత్తం కంఠతా వచ్చినట్టు గీసేశాను.

కాదు. లైబ్రరీలో జిల్లా సరిహద్దు, నదులు ఉన్న పటం ఒకటి ప్రింటు తీయించుకుని కింద పెట్టుకున్నాను. కొండలు మాత్రం నావే. లోయ ఎక్కడ వంగితే గీత ఎక్కడ వంగాలో, ఇన్నేళ్లయినా వేళ్లు మర్చిపోలేదు. రావి లోయనుంచి మొదలుపెట్టి ఉత్తరానికి ఒక్కొక్క గీతే ఎక్కించుకుంటూ వెళ్లాను. బాల్‌పెన్నుతో గీస్తున్నా, మధ్యమధ్య చెయ్యి సిరాబుడ్డి కోసం వెతుక్కుంటోంది. హాయిగా అనిపించింది.

రావికీ చినాబుకీ మధ్య, పీర్ పంజాల్ కొండల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. గీయడానికి చోటు లేదు. గీతమీద గీత పడుతోంది. అక్కడే, అచ్చంగా అక్కడే, ఒకప్పుడు నా పాళీ సిరా కక్కిందని గుర్తొచ్చింది. ఆ రోజు కూడా గుర్తొచ్చింది. మ్యాట్నీకి టిక్కెట్టు జేబులో ఉంది. గీత విడిచి గీత గీస్తే పని ముగిసేసరికి సాయంత్రం నాలుగవుతుంది. నేను ఒకటి గీసి మూడు వదిలాను, మళ్లీ ఒకటి గీసి మూడు వదిలాను. పది నిమిషాల్లో పీర్ పంజాల్ అయిపోయింది.

సాయంత్రం నేను సినిమా నుంచి తిరిగొచ్చాక హెడ్డుగారు కళ్లజోడు దించి చూశారు. "ఇక్కడ కొండ కాస్త నీరసంగా ఉందేమిరా" అన్నారు. అచ్చుకు తీసుకెళ్లే మనిషి పక్కనే నిలబడి ఉన్నాడు. సంతకం పెట్టేశారు.

ఇన్నాళ్లూ నా తలలో ఉన్న చంబా జిల్లా, నేను నీరసపరిచిన ఆ జిల్లా. దాన్నే నమ్ముకుని ఆ అమ్మాయికి దారి చెప్పాను.

సంగతి చెబితే మా ఆవిడ ట్యాబ్ తెచ్చి ఇచ్చింది. ఇద్దరం కళ్లజోళ్లు పెట్టుకుని చూశాం. సాచ్ కనుమ మీద మంచు ఒక అంతస్తు ఎత్తున ఉంది. చలికాలం మొదట్లో మూసుకుంటే మళ్లీ తీసేది జూన్ దాటాకే. కనుమ మూసి ఉన్న రోజుల్లో చంబా ఊరు నుంచి చంబా జిల్లాలోని పాంగీకి పోవాలంటే జిల్లా విడిచి బయటికి రావాలి. తూర్పున కులూకి చేరి, రోహ్తాంగ్ కింద తవ్విన సొరంగంలోంచి లాహౌల్‌లోకి దూరి, అక్కణ్ణుంచి చినాబ్ వెంట పడమటికి తిరిగి రావాలి. పక్క జిల్లాలన్నీ చుట్టి సొంత జిల్లాలోకి వెనకగుమ్మం నుంచి దిగడం అన్నమాట. ఫోనుకి తెలుసు. నాకే తెలియదు.

"ఒక పని చేస్తాను" అన్నాను. "నాకక్కడి పాత స్నేహితుడి దగ్గర్నుంచి కబురొచ్చిందని చెబుతాను. ఈ ఏడు మంచు ఎక్కువట, కులూ మీంచి వెళ్లండి అంటాను. దారి సరిపోతుంది, మాటా పోదు."

"బాగానే ఉంది" అంది మా ఆవిడ. "రేపు పసిపిల్లతో ఆ కొండల్లో ఏ దారో మూసుకుపోతుంది. అప్పుడెవరికి ఫోను చేస్తారు?"

"నాకే."

"మీరేం చేస్తారు?"

నేను బేకింగ్ పేపరు చుట్టడం మొదలుపెట్టాను.

"చెబుతారు" అంది. "అదే నా భయం. అడిగితే మీరు చెప్పకుండా ఉండలేరు."

నలభై ఎనిమిదేళ్ల కాపురంలో ఆవిడ నన్ను ఇంత శాంతంగా తిట్టింది లేదు. ఆ రోజు అలా అన్నందుకు ఇప్పటికీ ఆవిడకి మనసులోనే దణ్ణం పెట్టుకుంటాను. బయటికి పెడితే అలుసైపోతాను.

శనివారం పొద్దున వాళ్లింటికి ఇద్దరం వెళ్లాం. లాప్‌టాప్ తెరిచి ఉంది. చంబాలో హోటలు పేజీ కనిపిస్తోంది. నేను చుట్టిన బేకింగ్ పేపరు బల్ల మీద పెట్టి, కూర్చోకుండానే చెప్పాను. నేను హిమాచల్‌లో పనిచేయలేదని, పటాలు గీశానని, చంబా దారి తప్పని, ఫోను చెప్పిందే ఒప్పని.

అబ్బాయి ముందు నవ్వాడు, నేను ఏదో ఆట పట్టిస్తున్నాననుకుని. తరవాత మా ఆవిడ మొహం చూసి ఆపాడు.

"అంటే సిమ్లా గూడ పోలే?"

"సిమ్లా కూడా పోలేదు."

"మనాలీ?"

"ఢిల్లీ స్టేషన్లో ఆరు గంటలున్నానయ్యా, ఒక పెళ్లికి వెళ్తూ. చలికి వెయిటింగు రూములోంచి బయటికి రాలేదు."

"మరి ఎలుగుబంటి?"

"అది లేదు."

ఆ అమ్మాయి నవ్వలేదు. లాప్‌టాప్ మెల్లగా మూసింది. "అంకుల్, నేను దాదీకి చెప్పేసిన" అంది. "మా పక్కింటాయన మన పాంగీ చూసిండు అని. షీ వాజ్ సో హ్యాపీ. ఎవరింట్ల దిగిండు, ఏం తిన్నడు, చలికి ఏం కప్పుకున్నడు అని అడిగింది. నేను మిమ్మల్ని అడిగి చెప్తా అన్న."

నాకు ఇంతవరకూ అబద్ధం చెప్పినందుకు సిగ్గనిపించిన సందర్భాలు ఉన్నాయి. మా ఆవిడ దొరకబుచ్చుకున్నప్పుడల్లా అనిపించేది. ఇది సిగ్గు కాదు. ఎక్కడో కొండల వెనక, మెట్లు దిగలేని ముసలావిడ, నేను దిగని ఇంటి గురించి ఆలోచిస్తోంది. నాకు పెట్టని అన్నం గురించి ఆరా తీస్తోంది.

"క్షమించమ్మా" అన్నాను. పటం అక్కడే వదిలేసి వచ్చేశాం.

మూడు రోజులు ఆ ఇంటి నుంచి మాట లేదు. పాప ఒకసారి కంచె సందులోంచి చూసి "హలో హిమాచల్ అంకుల్" అంది. నాకు లోపలికి వెళ్లిపోవాలనిపించింది. ఆ సాయంత్రం చెరువు గట్టున బెంచీ మీద వాళ్లకీ చెప్పేశాను. ఎలాగూ బయటపడేదే, నా నోటితోనే పడనీ అని. బాతులు నీళ్లలో తలలు ముంచి లేపుతున్నాయి.

"మాకు తెలుసులేవయ్యా" అన్నారు మేనేజరుగారు చివరికి. "పదకొండేళ్లు ఉత్తరాదిన ఉన్నవాడికి హిందీలో అంకెలు కూడా సరిగ్గా రావేమిటి?"

"మరి ఒక్కరోజూ అడగలేదే?"

"అడిగితే నువ్వు నన్ను అడుగుతావు గదా. నేను చెయ్యి కలిపింది మంత్రిగారితో కాదు, ఆయన పీఏతో."

డాక్టరుగారు మాత్రం తన పాము నిజమైనదే అన్నారు. సైకిలు విషయం రెట్టించి అడగలేదు మేము.

నాలుగో రోజు చెత్తబుట్టలు బయట పెడుతుంటే పక్కింటబ్బాయి తన ఎర్రమూత బుట్ట లాక్కుంటూ వచ్చాడు.

"అంకుల్, ఆమె అన్నతోని మాట్లాడింది. సాచ్ మీదికెళ్లి రమ్మని ఎవడు చెప్పిండని తిట్టిండట."

"ఏం చెప్పిందయ్యా?"

"ఎవరో తెల్వదు అన్నది." అతను నవ్వాపుకున్నాడు. "కులూకెళ్లి పోతున్నం. అటు రోడ్ గూడ ఒక్కోసారి రాళ్లు పడి ఆగుతదట, మూడు రోజులు ఎక్స్‌ట్రా పెట్టుకోమన్నడు. ఢిల్లీల షాపింగ్ కాన్సిల్. మీరు చెప్పకపోతే మేము చంబాల కూసుందుమే అంకుల్, రెండు వారాలు, మంచు దిక్కు చూసుకుంట."

నేను ముందు చెప్పింది మర్చిపోయి, తరవాత చెప్పింది గుర్తుపెట్టుకున్నాడు. ఈ దేశంలో నాకు దొరికిన పెద్ద బహుమానం అదే.

ఏప్రిల్‌లో వెళ్లారు. నేను వాళ్ల పెరట్లో కొత్తిమీరకు నీళ్లు పోశాను, ఉత్తరాల డబ్బా ఖాళీ చేశాను. ఆరు రోజులు ఏ కబురూ లేదు. లాహౌల్‌లో ఉదయ్‌పూర్ అనే ఊరి దగ్గర రోడ్డు మీద రాళ్లు పడి రెండు రోజులు ఆగిపోయారని తరవాత తెలిసింది. ఆ రెండు రోజుల్లో వాళ్లకు నా ఫోను నంబరు గుర్తొచ్చి ఉంటుంది. చెయ్యలేదు. ఏడో రోజు పొద్దున ఒక ఫొటో వచ్చింది. కర్రలతో కట్టిన ఇల్లు, పొయ్యి పక్కన ఉన్ని శాలువలో ముడుచుకున్న చిన్న ముసలమ్మ. ఆవిడ ఒడిలో పక్కింటి పాప. పాప ఒడిలో బేకింగ్ పేపరు.

మా ఆవిడ ఆ ఫొటో చూసి పమిటతో ముక్కు తుడుచుకుంది. నేను ఏడవలేదు. ఏడ్చాను, కొంచెం.

తిరిగొచ్చిన మర్నాడు ఆ అమ్మాయే మా గుమ్మంలోకి వచ్చింది, ఒక్కతే. మంచు గాలికి బుగ్గలు పగిలి ఉన్నాయి. చేతిలో ఖాళీ ఉన్ని సంచీ ఉంది.

"ఈ సంచిల దాదీ మీకు తాంగీ పంపింది అంకుల్. అక్కడ అడవిల కాసే గింజలు. ఎయిర్‌పోర్ట్‌ల డిక్లేర్ చేసిన, వాళ్లు తీసుకున్నరు. సంచీ వాపస్ ఇచ్చిన్రు."

సంచీ వాసన చూశాను. కట్టెల పొగ వాసన. ముక్కుకి హిమాచల్ తగలడం అదే మొదటిసారి.

"నాలుగు రోజులున్నం" అంది. "రోజంతా నా చెయ్యి పట్టుకునే కూసున్నది. నాకేం గుర్తులేదనుకున్న అంకుల్. ఇంట్లకు పోంగనే పొయ్యి ఏడుందో నా కాళ్లకు తెలిసింది."

నేనే అడిగాను. "నా గురించి చెప్పావా?"

"అంతా చెప్పిన. పాంగీ రాలేదు, ఊర్ల కూసుండి పటం గీసిండు అని." అప్పుడు నవ్వింది, ఆ శనివారం నవ్వని నవ్వంతా కలిపి. "దాదీ ఏమన్నదో తెలుసా? రాకుండనే మన కొండను గీసిండంటే, వస్తే ఏం చేస్తడో అన్నది. రమ్మన్నది. మోకాళ్లు ఎట్లున్నయని అడిగింది."

బేకింగ్ పేపరు తీసి బల్ల మీద పరిచింది. ఆవిడకి పటం చూడటం రాదట. ఇది మన నది, ఇది అవతలి కొండ అని మనవరాలు చూపిస్తే, చాలాసేపు చూసి, ఇల్లు ఇక్కడ అని బొటనవేలు పెట్టిందట. పొయ్యి ఊది వచ్చిన వేలు. చినాబ్ ఒడ్డున మసితో ఆవిడ వేలిముద్ర పడి ఉంది. భూతద్దం తెచ్చి చూశాను. సన్నటి గీతలు, ఒకదాని పక్కన ఒకటి, వంపు తిరుగుతూ, ఎక్కడా ఒకదాన్నొకటి అంటుకోకుండా. నలభై గీతలు లెక్కపెట్టాను.

లెక్కపెట్టలేదు. కళ్లు ఆగలేదు. కానీ ఒక్కటీ వదల్లేదని మాత్రం చెప్పగలను.

పాప పిలిస్తే ఆ అమ్మాయి వెళ్లిపోయింది. నేను పటం నా దగ్గరే ఉంచుకున్నాను. మా అమ్మాయి పెన్నుల్లో అన్నిటికన్నా సన్నది ఏరుకుని, వేలిముద్ర జోలికి పోకుండా, దక్షిణాన రావి వైపు నుంచి మొదలుపెట్టాను. సాచ్ కనుమ దగ్గర ఆ రోజు వదిలేసిన గీతలు ఒకటొకటిగా దించాను. మధ్యాహ్నం కాఫీ చల్లారిపోయింది. మా ఆవిడ వచ్చి, నా భుజం మీంచి వంగి చూసింది.

"ఇప్పుడు కొండలా ఉంది" అంది.

అన్ని గీతలూ శుభ్రంగా వచ్చాయి. ఒక్కటి మాత్రం పక్కదాన్ని అంటుకుంది.

రెండు.